కోత లేని గర్భసంచీ చిట్లుతుంది

సంపాదకులకు,

"బాలింత మృతి, బంధువుల ఆందోళన" అని జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది, పక్కన ఆసుపత్రి పగిలిన అద్దాల ఫోటో వస్తుంది, మర్నాటికి అందరూ మర్చిపోతారు. లోపల ఏం జరిగిందో ఎవరూ రాయరు. నేను విశాఖలో లేబర్ రూముల్లోనే ఉద్యోగం చేసి రిటైరైన స్టాఫ్ నర్సుని, అందుకే రాస్తున్నా.

ముందు కాన్పు సిజేరియన్ అయితే, ఈసారి నొప్పుల్లో పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లొచ్చని ఇప్పుడు చాలామందికి తెలుసు. సుమారు 200 మందిలో ఒకరికి అలా అవుతుంది కాబట్టి డాక్టర్లూ కళ్లలో ఒత్తులేసుకుని చూస్తారు. కానీ కోతే పడని గర్భసంచి కూడా చిట్లుతుంది. డబ్బున్న దేశాల్లో ఇది పది వేల కాన్పుల్లో ఒకటి కూడా ఉండదు, పేద దేశాల్లోనే ఎక్కువ. కారణాలు చాలావరకు మనుషుల చేతిలోవే మరి: బిడ్డ అడ్డంగా ఉన్నా, తల దిగకపోయినా గంటలకొద్దీ అలాగే ఉంచేయడం, కాన్పు నొప్పులు రప్పించే మందు మోతాదు మించడం, పొట్ట మీద మోచేత్తో నొక్కడం. ఈ నొక్కుడు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

"నాలుగో కాన్పు కదమ్మా, ఇట్టే అయిపోద్ది" అంటారు. అసలు భయపడాల్సింది అక్కడే. చాలా కాన్పులైన గర్భసంచి గోడ బలహీనపడి ఉంటుంది, మందు కాస్త ఎక్కువైనా తట్టుకోదు.

నొప్పుల ఇంజెక్షన్ అంటే ఆక్సిటోసిన్ (గేదెలు పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచేదీ ఇదే). చెడ్డ మందేం కాదు. బిడ్డ పుట్టాక 10 యూనిట్లు కండకి ఇస్తే రక్తం పోకుండా ప్రాణం నిలబెడుతుంది. బిడ్డ లోపలుండగా కండకి పొడిస్తే మాత్రం వెనక్కి తీసుకోలేం. అదే సెలైన్‌లో కలిపి చుక్కలు లెక్కపెట్టి ఎక్కిస్తే, నొప్పులు ఊపిరి తిప్పుకోనివ్వకుండా వస్తున్నాయనిపించగానే డ్రిప్ ఆపేయొచ్చు, కొద్ది నిమిషాల్లో జోరు తగ్గుతుంది. మిసోప్రోస్టాల్ బిళ్ళకి ఆ వీలు లేదు. నొప్పులు తెప్పించడానికి ఒక్కసారికి 25 మైక్రోగ్రాములు చాలు, 200 మైక్రోగ్రాముల బిళ్ళని బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేసేవాళ్లని చూశాను, ముక్కలన్నీ సమానంగా వస్తాయా? 25 మైక్రోగ్రాముల బిళ్ళలు విడిగా దొరుకుతున్నాయి కదా.

చిట్లినప్పుడు రక్తం బయటికి కనపడాలనేం లేదు, కడుపులోపలే నిండిపోవచ్చు. చాలాసార్లు మొదట తెలిసేది బిడ్డ గుండె చప్పుడు పడిపోవడమే. అంతవరకు అరుస్తున్న మనిషికి నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోతే "హమ్మయ్య, కాస్త నిద్రపోతోంది" అనుకుంటారు ఇంట్లోవాళ్లు, నాడి కొట్టుకునే వేగం పెరిగిపోతుంటుంది, ముఖం పాలిపోతుంటుంది. అక్కడినుంచి చేతిలో ఉండేవి నిమిషాలే, వెంటనే పొట్ట తెరవాలి, రక్తం ఎక్కించాలి, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. పాడేరు ఘాట్ దిగి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రావాలంటే వంద కిలోమీటర్ల పైమాట. కాబట్టి ఆపరేషన్ చేసే దిక్కు లేనిచోట నొప్పుల మందు మొదలుపెట్టకూడదని నేను గట్టిగా అంటాను.

ఇలా రాశానని అందరికీ సిజేరియన్ చేసేయమని కాదు బాబూ, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇప్పటికే వందలో 42 కాన్పులు కోతలే. మామూలు కాన్పు కావాలంటే పక్కన మనిషి ఉండాలి, అంతే. అరగంటకోసారైనా బిడ్డ గుండె వినాలి, నొప్పులు లెక్కపెట్టాలి, కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్టు, అదే పార్టోగ్రాఫ్‌లో అప్పటికప్పుడు రాయాలి. కాన్పయ్యాక కూర్చుని ఊహించి నింపే పార్టోగ్రాఫ్ ఎందుకు? ఒకే నర్సుకి ఆరుగురిని అప్పజెప్పి ఇవన్నీ చెయ్యమంటే అవ్వవు, పోస్టులు నింపమని అధికారులకీ చెబుతున్నా.

మీ విలేకరులకి ఒక్క విన్నపం. ఇకమీదట ఇలాంటి వార్త వస్తే బంధువుల ఆందోళనతో ఆపకండి. నొప్పుల మందు ఎప్పుడు, ఎలా ఇచ్చారు, బిడ్డ గుండె చివరిసారి ఎప్పుడు విన్నారు, పొట్ట మీద ఎవరైనా నొక్కారా, ఆపరేషన్‌కి ఎంతసేపు పట్టింది, ఈ నాలుగూ అడిగి రాయండి.

- ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, మర్రిపాలెం, విశాఖపట్నం