కాఫీకీ బార్‌కీ ఒకే కౌంటర్

స్వాతీ,

మాదాపూర్ షాపు డ్రాయింగ్ చూశాను. సీటింగ్ బాగా కుదిరింది. గోడల రంగుల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు కౌంటర్ తేల్చుకోమ్మా. పొద్దున కాఫీ చేసేవాళ్లూ, రాత్రి డ్రింకులు కలిపేవాళ్లూ నిలబడేది అక్కడే.

కస్టమర్ వైపు 42 అంగుళాల ఎత్తు సరిగ్గా ఉంది. స్టూళ్లు మాత్రం 26 వేశావు, అవి 36 అంగుళాల బల్లకు సరిపోయేవి. దీనికి సీటు 30 దగ్గర ఉండాలి, లేకపోతే భుజాలెత్తి తాగాల్సి వస్తుంది. లోపలి పని బల్ల 36 చాలు. వెనక దారి కూడా 36 అంగుళాలే ఇచ్చావు. పొద్దున ఒక్కరికి సరిపోతుంది. సాయంత్రం ఇద్దరు తిరుగుతుంటే ఫ్రిజ్ తలుపు తీయడం కూడా కష్టమే. 42 ఇవ్వు.

ఎస్ప్రెస్సో మెషీన్ పక్కనే ఐస్ మెషీన్ పెట్టావు, అది తప్పకుండా మార్చు. ఐస్ మెషీన్ తన వేడిని బయటికి వదలాలి. పక్కన ఎస్ప్రెస్సో మెషీన్ బాయిలర్ కాగుతుంటే, సరిగ్గా రద్దీ వేళకే ఐస్ తగ్గిపోతుంది. రెండూ చెరో చివర, మధ్యలో సింకు పెట్టు. గాలి ఆడే జాలీకి ప్లైవుడ్ అడ్డం కొట్టనివ్వకు.

రెండు గ్రూపుల (ఒకేసారి రెండు చోట్ల కాఫీ దిగే) ఎస్ప్రెస్సో మెషీన్ 4 కిలోవాట్ల దాకా లాగుతుంది. మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకోదు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడి లైను, దానికి విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) వేయించు.

బోరు నీళ్లు నేరుగా ఇస్తే బాయిలర్‌లో సున్నం పేరుకుపోతుంది. ఆ భయంతో ఆర్వో ఫిల్టర్ పెట్టి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) సున్నా దాకా దించేస్తే మరో చిక్కు: లోపలి ప్రోబ్ నీటి మట్టాన్ని కనిపెట్టేది నీటిలో కరెంటు పారడాన్ని బట్టే. మరీ శుద్ధమైన నీళ్లయితే బాయిలర్ నిండినా అది గుర్తించలేదు. కాఫీ కూడా చప్పగా ఉంటుంది. టీడీఎస్ 100 నుంచి 150 పీపీఎం మధ్య ఉండేలా కలిపి ఇవ్వమను.

డ్రెయిన్ విషయంలో గట్టిగా ఉండు. కాఫీ పిప్పి, పాల జిడ్డు కలిసి పైపులో ముద్దకడతాయి. 90 డిగ్రీల మలుపుల బదులు 45 డిగ్రీల బెండ్లు, విప్పి కడగడానికి మూత కావాలి. నేలకు పది అడుగులకు అంగుళంపావు వాటం పెట్టించు. టైల్స్ వేశాక బకెట్ నీళ్లు పోసి చూడనిదే బిల్లు పాస్ చేయకు. బీరు చుక్కలు నిలిచిన చోట పులిసిన వాసన వస్తుంది, కాఫీ గింజ వాసనను ఇట్టే పట్టేస్తుంది. అందుకే గ్రైండర్ బీరు ట్యాప్‌కి దూరంగా ఉండాలి.

పైరాయికి తెల్ల మార్బుల్ వద్దు. నిమ్మరసం, వైన్ పడిన చోటల్లా మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్, మెరుపు లేని లెదర్ ఫినిష్‌లో తీసుకో. పాలిష్ రాయి అయితే పై లైట్లు అద్దంలోలా కనబడి కళ్లకు కొడతాయి.

లైట్లు రెండు సర్క్యూట్లుగా విడదీయి: పగటికి తెల్లగా వెలిగే 4000 కెల్విన్, రాత్రికి పసుపు ఛాయ 2700, వెలుగు తగ్గించే డిమ్మర్‌తో. ఎల్ఈడీ డ్రైవర్ (లైటుకు కరెంటు అందించే డబ్బా) ఆ డిమ్మర్‌కి నప్పేదో కాదో కొనేముందే కలిపి వెలిగించి చూడు, నప్పకపోతే తక్కువ వెలుగులో మిణుకుమిణుకుమంటాయి. సీసాల అరలకు తాళం పడే మడత తలుపులు కావాలి, మద్యం అమ్మని వేళల్లో అవి మూసి ఉండాలి.

సీలింగ్‌లో శబ్దం పీల్చడానికి ఫోమ్ వద్దు, దానికి మంట అంటుకుంటుంది. 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార పలక) వేయించు.

ప్లంబర్ పని మొదలుపెట్టేలోగా మార్చిన డ్రాయింగ్ ఒకసారి పంపమ్మా.

నాన్న