చపాటా వలసను అసలు కాయతోనే చూపాలి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మెక్సికో ప్రాంతంలో సాగులోకి వచ్చిన పండు 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి చేరి, ఇప్పుడు మన ఊరి పేరుతో నమోదైంది. ఈ వలసను చూపే కళారూపం నగరంలో ఒకటి ఉండాలి. చౌరస్తాలో సిమెంటు మిరపకాయ నిలబెట్టడం కాదు, అసలు కాయతో చేయాలి.

పొడవాటి హాలులో పైకప్పు నుంచి దారాలు వేలాడదీయాలి. మొదటి వరుసలు 1323కు ముందటివి, కాకతీయుల కాలానివి. వాటికి మిరియాలు, పిప్పళ్లు, శొంఠి మాత్రమే కట్టాలి. ఓరుగల్లు కోటలో మిరపకారం లేనేలేదంటే పిల్లలు నమ్మరు, అందుకే ఇది కళ్లకు కట్టాలి. పోర్చుగీసువాళ్ల గోవా వరుసలో ఒకటీ అరా కాయ కనిపించి, మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ వరుసకు వచ్చేసరికి ఎరుపు కమ్ముకోవాలి. దీనికి చపాటానే సరి. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఘాటైన తేజ రకం అయితే పగిలిన కాయల దుమ్ముకే చూసేవాళ్లు దగ్గుతారు.

ఇలాంటివి చెడిపోయేది ఎక్కువగా తేమ వల్లే. కాయలో తేమ 10, 11 శాతం ఉండాలి. 12 దాటితే బూజు పడుతుంది, 8కి తగ్గితే ముట్టుకుంటేనే పొడి రాలుతుంది. కల్లంలో ఆరబెట్టేటప్పుడు రాత్రి పట్టాలు కప్పాలి. మంచు పడితే తెల్లమచ్చలొచ్చి నాసిరకం తాలు కాయ అవుతుంది. తొడిమ ఉన్న కాయలే కొని, దారం తొడిమకే కట్టాలి. కండకు సూది గుచ్చితే గింజలు, దుమ్ము రాలుతూనే ఉంటాయి. ఈ పని పొద్దున చల్లపూటే చేయాలి, ఎండెక్కితే కాయ పెళుసవుతుంది. రంగు నిలవాలని వార్నిష్ పూస్తుంటారు, వద్దు. లోపలి తేమ బయటికి పోక బూజు పడుతుంది, వాసనా పోతుంది. వాసన లేని మిర్చిని చూడడానికి జనం ఎందుకు రావాలి?

పురుగు సంగతి చాలామందికి పట్టదు. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన సరుకు కదా అనుకుంటారు. అక్కడి చలికి పురుగు కదలదు గానీ గుడ్లు చావవు. కాయలను గాలి చొరని కవర్లలో మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. తొందరపడితే చల్లటి కాయకు నీరు పట్టి చేసిందంతా వృథా అవుతుంది.

ఎండ తగిలే కిటికీలకు తెరలు వేయాలి, వెలుతురుకు రంగు పాలిపోతుంది. సీలింగ్ ఫ్యాన్లు ఆపి, గాలిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టాలి. దారాలు కట్టేవాళ్లకు గ్లోవ్స్, మాస్కులు తప్పనిసరి. చేతులు మండితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఘాటు వట్టి నీళ్లకు కరగదు.

చివరి వరుస పక్కన మిర్చి ఏరే కూలీల చేతుల ఫొటోలు ఉండాలి. ములుగు, భూపాలపల్లి చేన్లలో ఏరుడుకు ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. పండు వలస చెప్పి, ఆ పండు కోసం వలస వచ్చేవాళ్లను వదిలేయడం అన్యాయం.

కొత్త కాయ మార్కెట్‌కు జోరుగా వచ్చేది ఫిబ్రవరి, మార్చిలో. హాలు ఏదో, ఖర్చు ఎవరు పెడతారో సంక్రాంతిలోపే తేల్చాలని అధికారులకు, కళాకారులకు మీ పత్రిక ద్వారా మనవి.

– పాఠకులు, హనుమకొండ