ఎవరి పక్షమని అడిగావు కదా

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. రెండో శనివారం, ఆదివారం కలిసి రావడంతో నువ్వు వదిలి వెళ్లిన మార్వెల్ కామిక్స్ ‘సివిల్ వార్’ సంపుటాన్ని ఏడు సంచికలూ వరుసగా చదివేశాను. నేను ఎవరి పక్షమో ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడతాననీ, కాబట్టి ఉత్తరం రాయమనీ నువ్వే అన్నావు. నీ సంగతి నాకు తెలిసిందే కాబట్టి రాస్తున్నాను. నువ్వు కెప్టెన్ అమెరికా పక్షం. చివర్లో ఆయన లొంగిపోవడం నీకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఎవరి పక్షం అన్నది 2006లో మార్వెల్ వాళ్లు తమ ప్రకటనల్లో తామే వేసిన ప్రశ్న. చదివేవాళ్లను రెండు జట్లుగా చీల్చి, రెండు జట్లకూ అవే పుస్తకాలు అమ్మడానికి అంతకంటే మంచి ఉపాయం ఉండదు. వకాల్తా పుచ్చుకున్నాక ఒక పక్షాన నిలబడటం నా వృత్తే కానీ, వకాల్తా పుచ్చుకునే ముందు అసలు ఫిర్యాది ఎవరు, నష్టపోయింది ఎవరు, నష్టానికి జవాబు చెప్పవలసింది ఎవరు అని చూసుకోవడం అలవాటైపోయింది. మార్క్ మిల్లర్ రాసి, స్టీవ్ మెక్‌నివెన్ బొమ్మలు వేసిన ఈ కథను కూడా కేసు కట్ట విప్పినట్టే చదివానని ముందే చెబుతున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

కేసు మొదలయ్యేది కనెటికట్ రాష్ట్రంలోని స్టాంఫర్డ్ పట్టణంలో. న్యూ వారియర్స్ అనే కుర్ర వీరుల జట్టు టీవీ కార్యక్రమం కోసం కెమెరాలు వెంటబెట్టుకుని, తమ స్థాయికి మించిన నేరస్థులు దాక్కున్న ఇంటి మీద దాడి చేస్తుంది. వాళ్లలో పారిపోతున్న నైట్రోను కుర్ర జట్టులోని నమోరిటా ఒక బడి పక్కన అడ్డుకుంటే, తన శరీరాన్నే బాంబులా పేల్చుకోగల ఆ మనిషి అక్కడే పేలిపోతాడు. పిల్లలతో సహా వందల మంది చనిపోతారు. కొడుకును పోగొట్టుకున్న మిరియం షార్ప్ అనే తల్లి సంతాప సభ దగ్గర, ఐరన్ మాన్ కవచం తొడుక్కుని తిరిగే టోనీ స్టార్క్ ముఖాన ఉమ్మివేస్తుంది. అతీత శక్తులున్న ప్రతివారూ తమ అసలు పేరును ప్రభుత్వానికి తెలిపి, శిక్షణ పొంది, అధికారుల అజమాయిషీలో పనిచేయాలని చట్టం రావడం ఆ తరవాతి మాట. నమోదు చేసుకోనివాళ్లకు జైలు. స్టార్క్ ఆ చట్టాన్ని అమలు చేసే జట్టుకు నాయకుడయ్యాడు, నీ కెప్టెన్ అమెరికా, అంటే స్టీవ్ రోజర్స్, అజ్ఞాతంలోకి వెళ్లి ఎదుటి జట్టుకు నాయకుడయ్యాడు.

చట్టం మాట మటుకు చూస్తే నేను స్టార్క్‌తోనే ఉంటాను, కోపం తెచ్చుకోకు. రోడ్డు మీద ఆటో నడపాలంటేనే లైసెన్సు అడుగుతాం. ఒక్క పేలుడుతో బడిని మట్టి చేయగల మనిషిని పేరేమిటని అడిగే హక్కు ఆ ఊరికి ఉంటుంది. నువ్వు ముందుగా 2016 నాటి సినిమా చూసి తరవాత పుస్తకానికి వచ్చావు కాబట్టి ఒక తేడా గమనించి ఉంటావు. సినిమాలో గొడవ ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణ గురించి అయితే, పుస్తకంలో అది ముసుగు గురించి, అంటే ఇంట్లో ఉన్న భార్యాపిల్లల భద్రత గురించి. కాబట్టి నమోదు చేసుకోనన్నవాళ్ల భయంలోనూ న్యాయం ఉంది. ఇలాంటి తగాదాలు న్యాయస్థానంలో వినదగ్గవి. రెండు వైపులా గట్టి వాదన ఉంటుంది, తీర్పు ఎటైనా రావచ్చు.

నాకు మనసు విరిగింది చట్టాన్ని అమలు చేసిన తీరు చూశాక. చట్టం ఇంకా ఆమోదం పొందకముందే షీల్డ్ అనే భద్రతా సంస్థ అధికారిణి మరియా హిల్, తోటివాళ్లను పట్టుకోవడంలో సాయపడనన్నందుకు కెప్టెన్ అమెరికా మీదికి తుపాకులు ఎక్కుపెట్టిస్తుంది. పట్టుబడ్డవాళ్లను విచారణ లేకుండా నెగెటివ్ జోన్ అనే మరో లోకంలో కట్టిన జైలుకు పంపుతారు. స్టార్క్, అతని వైపున్న శాస్త్రవేత్తలు రీడ్ రిచర్డ్స్, హాంక్ పిమ్ కలిసి రాసుకున్న వంద ఆలోచనల జాబితాలో అది 42వది కావడంతో దానికి 42 అనే పేరు పెట్టారు. మనుషులను నిరవధికంగా బంధించే చోటికి జాబితాలోని వరుస సంఖ్యే పేరైపోవడం నాకు ఒళ్లు జలదరించేలా అనిపించింది. 2001 దాడుల తరవాత హడావిడిగా వచ్చిన పేట్రియట్ చట్టాన్నీ, 2002లో గ్వాంటనామోలో తెరిచిన నిర్బంధ శిబిరాన్నీ చూసిన అమెరికా పాఠకులకు ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ విడమరచి చెప్పనక్కర లేకపోయి ఉంటుంది.

ఇక కొట్లాట విషయానికి వస్తాను. నీకు చివరి యుద్ధం ఇష్టం, నన్ను పట్టి నిలిపింది మాత్రం మూడు, నాలుగు సంచికల్లో జరిగినది. రసాయన కర్మాగారం తగలబడుతోందని, మనుషులు చిక్కుకున్నారని కబురు అందుకుని కెప్టెన్ జట్టు పరుగెత్తుకుని వెళుతుంది. అక్కడ ఎవరూ లేరు, అది స్టార్క్ పన్నిన ఉచ్చు. ప్రాణాలు కాపాడటానికి వస్తారన్న నమ్మకాన్నే ఎరగా వాడుకున్నాడన్నమాట. అయిదు నిమిషాలు మాట్లాడనివ్వమని స్టార్క్ చేయి చాస్తాడు. నీ కెప్టెన్ ఆ చేయి పట్టుకుంటూనే, కవచాన్ని స్తంభింపజేసే పరికరాన్ని దానికి అంటిస్తాడు. కాబట్టి ఆ కరచాలనంలో రెండు వైపులా మోసమే ఉంది, ఈ మాట నువ్వు ఎప్పుడూ చెప్పవు. కవచం తేరుకున్నాక స్టార్క్, ఇన్నేళ్లుగా నువ్వు విసిరిన ప్రతి దెబ్బా దీని జ్ఞాపకంలో ఉందంటూ పాత స్నేహితుడి ముఖం పచ్చడి చేస్తాడు. మెక్‌నివెన్ ఆ ముఖాన్ని ఎంత దగ్గరగా, ఎంత ఓపికగా గీశాడంటే, ఆసుపత్రి నుంచి వచ్చే గాయాల ధ్రువపత్రాల్లోని వరుసలు గుర్తుకు వచ్చాయి.

ఈ కామిక్స్‌లో రెండు జట్లు తలపడటం కొత్త కాదని నాకు నేర్పింది నువ్వే. 1964లోనే హల్క్‌ను పట్టుకోబోయి ఫెంటాస్టిక్ ఫోర్, అవెంజర్స్ జట్లు ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. వీరులు ఎదురుపడతారు, అపార్థంతో కొట్టుకుంటారు, గోడలు కూలుతాయి, ఆఖరికి కలిసిపోయి అసలు శత్రువు మీదికి వెళతారు. ఎవరికీ ఏమీ కాదన్న హామీ మీద నడిచే ఆట అది. ఆ హామీ ఇక్కడ తప్పిపోతుంది. చనిపోయాడనుకున్న ఉరుముల దేవుడు థార్ ఉరుములతో దిగివచ్చి, కొండంత ఎత్తు పెరిగి ఎదురు నిలిచిన కెప్టెన్ జట్టువాడు గోలియత్ గుండెల్లోంచి మెరుపును దూసిపోనిస్తాడు. వచ్చినవాడు థార్ కాడు. ఎప్పుడో దాచి ఉంచిన థార్ వెంట్రుకతో స్టార్క్, రిచర్డ్స్, పిమ్ తయారు చేసుకున్న నకలు. మిగిలినవాళ్లనూ చంపబోతుంటే, స్టార్క్ వైపే ఉన్న సూ స్టార్మ్ తన అదృశ్య కవచాన్ని అడ్డం వేసి శత్రువులను తప్పిస్తుంది. ఆ తరవాత ఆమె తన భర్త రిచర్డ్స్‌ను విడిచి వెళ్లిపోతుంది. ఆ ఏడు సంచికల్లో నిజంగా ధైర్యం చేసింది నా లెక్కలో ఆమె ఒక్కతే.

చనిపోయిన గోలియత్ అసలు పేరు బిల్ ఫాస్టర్. 1966 నుంచి ఆ కథల్లో ఉన్న నల్లజాతి శాస్త్రవేత్త. 1976లో సొంత పత్రిక ఇచ్చి అయిదు సంచికలకే ఆపేశారు. ఎవరినో ఒకరిని చంపితేనే కథకు బరువు వస్తుందని నిర్ణయించుకున్నాక, అమ్మకాలకు నష్టం లేని మనిషిని వెతికి చంపారన్న కోపం అక్కడి పాఠకుల్లో చాలామందికి కలిగింది, నాకూ కలిగింది. చనిపోయాక అతని శరీరాన్ని మామూలు పరిమాణానికి తీసుకురాలేకపోతారు. ఆ భారీ కాయాన్ని గుడ్డతో చుట్టి, గొలుసులు కట్టి, 38 సమాధుల స్థలంలో పూడ్చిపెడతారు. ఆ స్థలానికి డబ్బు కట్టింది స్టార్క్. మనిషిని చంపిన ఆయుధాన్ని తయారుచేయించినవాడే ఖర్చు భరించడాన్ని కథ అతని మంచితనంగా చూపిస్తుందో, ఎత్తిపొడుస్తుందో రెండుసార్లు చదివినా నాకు తేలలేదు. బహుశా అది కథకుడి నేర్పేనేమో.

ఆ చావు తరవాత మిరియం షార్ప్ మళ్లీ కనిపిస్తుంది. మొదటి సంచికలో ఉమ్మివేసిన ఆ తల్లి ఈసారి స్టార్క్‌ను ఓదార్చి, చట్టాన్ని ధిక్కరించినవాడు చనిపోతే తప్పు నీది కాదన్నట్టు మాట్లాడి, తన కొడుకు ఆడుకున్న ఐరన్ మాన్ బొమ్మను అతని చేతిలో పెడుతుంది. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లి వచ్చాను. బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఏం మాట్లాడినా వినవలసిందే, ఆమెను నేను ఒక్క మాట అనను. కానీ స్టాంఫర్డ్‌లో చనిపోయినవాళ్లకు జవాబు చెప్పేవాడు లేడన్న బాధలోంచి పుట్టిన చట్టం కదా అది! ఆ చట్టం పేరుతోనే ఒక మనిషిని చంపితే జవాబు చెప్పేవాడు ఎవరు? ఈ ఏడు సంచికల్లో ఎక్కడా శవ పంచనామా లేదు, కేసు లేదు, నకలును తయారుచేసిన ముగ్గురినీ పిలిచి అడిగినవాడు లేడు. పైగా దాన్ని బాగుచేసి ఆఖరి యుద్ధానికి మళ్లీ దింపారు, అక్కడ హెర్క్యులీస్ దాని తల బద్దలు కొట్టేదాకా అది పనిచేస్తూనే ఉంది. నీ జట్టును కూడా వదలను. నేరస్థులను చంపుతూ తిరిగే పనిషర్‌ను లోపలికి రానిచ్చారు. చేరడానికి వచ్చిన ఇద్దరు నేరస్థులను అతను అందరి కళ్ల ముందే కాల్చేశాడు. కెప్టెన్ అతన్ని చావబాదాడు, దానితో ఆ లెక్క సరిపోయినట్టే అయింది. స్టార్క్ వైపున అయితే నేరస్థులకే జీతాలిచ్చి వీరులను వేటాడించారు. నాలుగో సంచిక దాటాక రెండు వైపులా ఎవరికీ మొదటి తగాదా ఏమిటో గుర్తున్నట్టు లేదు.

చివరి యుద్ధం గురించి ఎక్కువ రాయను, నీకు కంఠతా వచ్చు. 42వ నంబరు జైల్లో మొదలై, మనుషులను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చగల క్లోక్ అందర్నీ న్యూయార్క్ నడివీధిలోకి తెచ్చిపడేస్తే, జనం మధ్యనే సాగుతుంది. కవచం చెడి నేలమీద పడ్డ స్టార్క్ మీదికి కెప్టెన్ డాలు ఎత్తినప్పుడు, మామూలు మనుషులు వచ్చి అతన్ని పట్టుకుంటారు. అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, అంబులెన్సు వాళ్లు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగాయంటాం మనం. ఇక్కడ లేగలే వెళ్లి ఆంబోతు మెడ పట్టుకున్నాయి. వాళ్లను విదిలించుకోబోయి చుట్టూ చూసిన కెప్టెన్ డాలు వదిలేసి, ముసుగు తీసేసి, అరెస్టు చేయండి అంటూ చేతులు చాస్తాడు. మనం గెలుస్తున్నాం కదా అన్న తోటివాడికి, వాదన ఒక్కటి తప్ప అన్నీ గెలిచామన్నట్టు జవాబిస్తాడు.

నీకు పిరికితనంగా కనిపించిన ఆ లొంగుబాటు నాకు సరైనదిగానే కనిపించింది. లొంగిపోవడం నేరం ఒప్పుకోవడం కాదని మా దగ్గర కొత్తగా చేరిన జూనియర్‌కు కూడా తెలుసు. చట్టం తప్పనుకున్నవాడు దాని ముందు నిలబడి, ఇది ఎందుకు తప్పో వినండి అనడానికి ఉన్న దారి అదే. నాకు పేచీ ఉన్నది ఆయన జవాబుతో. వాదన ఓడిపోయామంటాడే, ఆ వాదన ఎప్పుడు జరిగింది, ఎవరు విన్నారు? ఏడు సంచికలు తిరగేసినా ఒక్క విచారణ కనపడలేదు. జరగనిదాన్ని ఓడిపోవడం ఎలాగో నువ్వే చెప్పాలి.

ఆ విచారణ కోసమే నేను మర్నాడు నీ అలమరలోంచి తరవాతి కథ తీశాను. 2007 మార్చిలో వచ్చిన కెప్టెన్ అమెరికా 25వ సంచిక అది, ఎడ్ బ్రూబేకర్ రాయగా స్టీవ్ ఎప్టింగ్ బొమ్మలు వేసినది. సంకెళ్లతో న్యాయస్థానం మెట్లెక్కుతున్న స్టీవ్ రోజర్స్‌ను ఆ మెట్ల మీదే కాల్చి చంపుతారు. అది అమెరికాలో దినపత్రికల్లో వార్త కూడా అయింది. చావు దగ్గర అందరూ ఏడ్చి ఉంటారు, నువ్వూ ఏడ్చి ఉంటావు. నాకు మాత్రం ముందుగా తోచింది ఏమిటంటే, ముద్దాయి చనిపోతే అతని మీది కేసు అక్కడితో ముగిసిపోతుంది. నమోదు చట్టం న్యాయమా కాదా అన్న ప్రశ్న అతని నోట ఏ న్యాయమూర్తి ముందుకూ రాలేదు. అటు స్టార్క్‌కు షీల్డ్ అధిపతి పదవి వచ్చింది.

కాబట్టి ఎవరి పక్షమంటే, బిల్ ఫాస్టర్ తరఫున వకాల్తా వేస్తాను, ముగ్గురు ముద్దాయిలు, మొదటి ముద్దాయి స్టార్క్. కెప్టెన్‌ను సాక్షిగా పిలుస్తాను, కరచాలనం సంగతి కూడా అడుగుతాను. ఒప్పుకోకపోతే స్టార్క్ తరఫు వాదన నువ్వు తీసుకుని రాసి పంపు. ఫోనులో వద్దు.

పరీక్షల రోజుల్లో రాత్రుళ్లు మరీ మేలుకోకు. నాన్నగారు నీ బ్యాంకు ఖాతాలో మెస్ డబ్బు వేశారు, చూసుకో. పచ్చడి సీసా వచ్చే ఆదివారం పంపిస్తాను.

ఇట్లు
అమ్మ