ద్వీపకల్పంలో ‘కల్పం’ ఎందుకుంది?

సంపాదకుడికి,

పత్రికల పిల్లల పేజీల్లో భూస్వరూపాల నిర్వచనాలు ఎప్పుడూ ఒకే తీరులో కనిపిస్తాయి. ‘నాలుగు వైపులా నీరుంటే ద్వీపం, మూడు వైపులా ఉంటే ద్వీపకల్పం.’ పరీక్ష గట్టెక్కడానికి ఇది సరిపోతుంది గానీ పటం ముందు కూర్చున్న పిల్లవాడికి సరిపోదు. తీరరేఖ వంకరటింకరగా పోతుంటే ఏది ఏ వైపో లెక్కపెట్టేదెలా? సంస్కృతంలో ‘కల్ప’ ప్రత్యయానికి ‘దాదాపు అంతటిది, కాస్త తక్కువ’ అని అర్థం. ద్వీపం కావడానికి కొంచెంలో తప్పిపోయిన నేల ద్వీపకల్పం. ఇది చెప్పాక ఇటలీని చూపిస్తే వైపులు లెక్కపెట్టే పని ఉండదు.

ఎక్కువ తికమక పెట్టేవి భూసంధి, జలసంధి. పేరులో ముందున్నదే కలిపేది. భూసంధి రెండు పెద్ద నేలలను కలిపే సన్నని నేల, దాని అటూ ఇటూ నీరు. జలసంధి రెండు జలరాశులను కలిపే ఇరుకైన నీరు, అటూ ఇటూ నేల. పనామా భూసంధి రెండు అమెరికాలను కలిపి అట్లాంటిక్, పసిఫిక్‌లను విడదీస్తోంది. జిబ్రాల్టర్ జలసంధి మధ్యధరా సముద్రాన్ని అట్లాంటిక్‌తో కలిపి, యూరప్, ఆఫ్రికాలను సుమారు 14 కిలోమీటర్ల దూరంలో నిలబెట్టింది. సూయజ్ (1869), పనామా (1914) కాలువలను కూడా జలసంధులంటూ రాస్తుంటారు. అవి భూసంధులను మనుషులు తవ్విన కాలువలు.

ఒకటి మరొకటిగా మారడం చూపాలంటే రెండడుగుల పొడవు, నాలుగు వేళ్ల లోతు ఉన్న ట్రే చాలు. నాలుగు పాళ్ల ఇసుకకు ఒక పాలు బంకమట్టి కలిపి తడిపి, రెండు దిబ్బలు పెట్టి, వాటి మధ్య ఎత్తు తక్కువగా సన్నని గట్టు కట్టాలి. గట్టుకు రెండు పక్కలా నీరు కొద్దికొద్దిగా పోస్తూ ఉంటే, మట్టం గట్టు దాటగానే భూసంధి మునిగి జలసంధి అవుతుంది. స్పాంజితో నీరు తీసేస్తే గట్టు మళ్లీ తేలుతుంది. గత మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి దిగినప్పుడు బేరింగ్ జలసంధి అలాగే నేలగా తేలి, ఆసియా, అలాస్కా కలిశాయి. పొడి ఇసుక వాడితే గట్టు నిలవదు. నీరంతా ఒకే పక్క పోస్తే అది ఇసుకలోంచి అవతలికి ఊరి, గట్టును అడుగునుంచి జార్చేస్తుంది. ప్రయోగం చెడేది ఎక్కువగా ఇక్కడే.

అదే ట్రేలో ఇసుకను ఒక చివర పరిచి, ఆ చివరను రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తి, రెండో చివర నీరు నిలిపి, పైనుంచి సన్నని ధార వదిలితే డెల్టా కూడా వస్తుంది. నిలిచిన నీటిలో ధార వేగం తగ్గినచోట ఇసుక విసనకర్రలా పరుచుకుంటుంది. ధార పెద్దదైతే అంతా కొట్టుకుపోతుంది. ఇంగ్లండ్‌లోని థేమ్స్ లాంటి నదులు సముద్రంలో కలిసేచోట ఆటుపోట్ల బలం వల్ల మేట నిలవక, డెల్టాకు బదులు వెడల్పాటి నదీముఖం ఉంటుంది.

అయితే పేర్లన్నిటినీ నమ్మడానికి లేదు. కాస్పియన్ సముద్రం, మృత సముద్రం రెండూ చుట్టూ నేల ఉన్న సరస్సులే. ‘సరస్సంటే మంచినీరు’ అనే వాక్యాన్ని దయచేసి ఇక వేయకండి. నీరు బయటికి పోయే దారి ఉందా లేదా అన్నది చూడాలి. రష్యాలోని బైకాల్ సరస్సు నీరు అంగారా నదిగా బయటికి పోతుంది కనుక మంచినీరుగా ఉంది. మృత సముద్రానికి దారి లేదు. నదులు తెచ్చిన లవణాలు అక్కడే ఉండిపోయి నీరు మాత్రం ఆవిరైపోతుంటే, మహాసముద్రంలో 3.5 శాతం ఉండే ఉప్పు అక్కడ 34 శాతం దాకా చేరింది. ‘అఖాతం (బే) చిన్నది, సింధుశాఖ (గల్ఫ్) పెద్దది’ అనే మాటా అంతే. బంగాళాఖాతం పర్షియా సింధుశాఖకు ఎన్నో రెట్లు పెద్దది.

పీఠభూమి సంగతి తేలిక. పీటను గుర్తుచేస్తే చాలు: పైన చదును, అంచున దిగుడు. ఎత్తు ఎంతన్నది దీనికి కొలమానం కాదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే సుమారు 4,500 మీటర్లు, ఆల్ప్స్ శిఖరాల్లో చాలావాటికంటే ఎక్కువ.

ఇకపై నిర్వచనం వేసినప్పుడు పక్కన స్కేలుతో ఒక పటం ముక్క కూడా వేయమని కోరుతున్నాం.

– భూగోళశాస్త్ర ఉపాధ్యాయులు