గువ్వలచెరువు ఘాట్‌లో బండి ఆపి నా దగ్గరికి వచ్చిన పెద్దాయనకు

ఈ పోస్టు ముఖ్యంగా ఒక్క మనిషి కోసం రాస్తున్నా. ఎదురుగా ఉన్నప్పుడు ఏడుపు తప్ప నా నోట్లోంచి మాట రాలేదు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పాడు కాబట్టి రాయడం లేదు. చింతకొమ్మదిన్నె వైపు ఉండే రిటైరైన మిలిటరీ ఆయన అంటే తెలిసినవాళ్లకు తెలుస్తుంది. ఆయన ఫోన్‌లో ఇట్లాంటివి చూడడు, దయచేసి ఎవరైనా చదివి వినిపించండి.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. సైడ్ చక్రాలు కట్టించిన గేర్‌లెస్ స్కూటర్ మీద గువ్వలచెరువు నుంచి పాలకోవా తెచ్చి కడపలో కొట్లకూ, పెళ్లిళ్లకూ వేస్తాను. నిన్న పొద్దున ఒక పెళ్లి ఆర్డర్ కోసం ఘాట్ ఎక్కుతున్నా. ఎంత రైజ్ చేసినా ఇంజన్ గొంతు చించుకుని అరుస్తుందే గానీ బండి ముందుకు పోదు. రబ్బరు కాలిన వాసన. సరిగ్గా మలుపులో నిలబడిపోయింది. వెనక లారీల హారన్లు. దిగి తోసే ఓపిక నా కాళ్లకు లేదు.

పై నుంచి దిగి వస్తున్న టాటా ఏస్ ఆగింది. ఆయన దిగి, ముందు నా బండి వెనక చక్రానికి రాయి పెట్టి, ఆ తర్వాత నా పక్కన నిలబడి, "భయపడాకమ్మా, నేనుండా" అన్నాడు. స్కూటర్‌ను ఏస్‌లోకి ఎక్కించి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇంటికి పోయేవాడల్లా బండి వెనక్కి తిప్పాడు. గువ్వలచెరువులో కోవా తీసుకుని, అది కడపలో పెళ్లింటికి చేరేదాకా నా స్కూటర్ మాటే ఎత్తలేదు. ఆ తర్వాతే తన ఇంటి ముందర వేపచెట్టు కింద దాన్ని దించాడు.

ఇక్కడ నా బాధ కాస్త చెప్పుకోవాలి. ఈ రోగం నిన్న పుట్టింది కాదు. సర్వీస్ సెంటర్‌లో బెల్టు మార్చారు. తగ్గలేదంటే క్లచ్ షూలు మార్చారు. మళ్లీ వెళితే ఇంకో బెల్టు వేశారు. ప్రతిసారీ బిల్లు నేనే కట్టాను. వారంటీ అడిగితే, "సైడ్ చక్రాలు పెట్టించుకున్నావు కదా, ఆ బరువుకే ఇట్లా అవుతాంది, వారంటీ రాదు" అన్నారు. ఆ చక్రాలు నేను సరదాకు పెట్టించుకున్నవా? ఆర్‌టీఓ ఆఫీసులో చూపించి ఆర్‌సీలో ఎక్కించుకున్న మార్పు అది. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది, కౌంటర్ దగ్గర మాత్రం ఇప్పటికీ నా కాళ్లదే తప్పు.

ఆ పెద్దాయన బండి విప్పకముందే ఖాళీగా చదును రోడ్డు మీద తిప్పి చూశాడు. అప్పుడూ అట్లనే అరిచింది. "బరువే కారణమైతే ఖాళీ బండి ఎందుకరుస్తాది? ఇది నీ చక్రాల తప్పు కాదు తల్లీ" అన్నాడు. ఇన్ని నెలలుగా ఆ మాట అన్న మనిషి ఇంకొకరు లేరు. అక్కడే ఏడ్చేశాను.

ఆయన సైన్యంలో ఉన్నప్పుడు మంచు కొండల్లో స్నో స్కూటర్లు రిపేరు చేసేవాడట. ముందు స్కీలు, వెనక రబ్బరు ట్రాకు ఉండే ఆ బండిలోనూ గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచనై ఇంజన్ బలం తగ్గుతుంది కాబట్టి క్లచ్‌లో తేలిక బరువులు వేస్తారట. ఆ బండినే మార్చకుండా కిందికి తెస్తే, బలం పెరిగిన ఇంజన్‌ను ఆ బరువులు పట్టి ఆపలేక అది హద్దు దాటి తిరుగుతుందట. "ఇంజన్ అరుస్తాందంటే బెల్టు జారుతాండాలి, లేదంటే బెల్టు పైకెక్కకుండా ఉండాలి. ఏదో తేల్చుకోకుండా సామాన్లు మారిస్తే ఏం లాభం?" అన్నాడు.

ఎడమ వైపు కేసింగ్ తీస్తే లోపలంతా నల్లటి రబ్బరు పొడి. బెల్టు కొత్తదే, కానీ అంచులు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. పుల్లీ ముఖాల మీద గ్రీజు మరకలు. వాటిని పెట్రోల్ గుడ్డతో తుడిచి, బెల్టు అంచులను ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, ముందు పుల్లీ మీద వాళ్ల మనవరాలి స్కెచ్ పెన్నుతో నడుమ నుంచి అంచుదాకా గీతలు గీశాడు. మళ్లీ మూసి ఒక చుట్టు తిప్పొచ్చాడు. జారడం తగ్గింది, అరుపు మాత్రం తగ్గలేదు. విప్పి చూస్తే గీతలు నడుమ దగ్గరే చెరిగాయి, అంచువైపు సిరా అట్లనే ఉంది. అంటే వేగం పెరిగినా బెల్టు పుల్లీ మీద పైకి ఎక్కడం లేదు. తప్పు వేరియేటర్‌లోనే, అంటే రోలర్లనే చిన్న బరువులు బయటికి జరిగి బెల్టును పైకి తోసే ముందు పుల్లీ డబ్బాలోనే.

అది తెరిస్తే నాకే అర్థమైంది. ఎవరో అతిగా గ్రీజు దట్టించారు. అది రబ్బరు పొడితో కలిసి గట్టిపడి రోలర్లను కదలనివ్వడం లేదు. రోలర్లు ఒక పక్క చదునుగా అరిగిపోయాయి, ప్లాస్టిక్ స్లైడ్ ముక్కలు కూడా అరిగాయి. బయటికి చిమ్మిన గ్రీజే కొత్త బెల్టులను జార్చి నాశనం చేసింది. అన్ని బిల్లులు కట్టించుకున్నారు, ఈ డబ్బా ఒక్కసారి తెరిచి చూడలేకపోయారా? మీ బండి ఇట్లా అరుస్తుంటే బెల్టు మార్చేముందు వేరియేటర్ మీ కళ్ల ముందర తెరిపించుకోండి.

శుభ్రం చేసి, అదే బరువున్న కొత్త రోలర్లు వేసేసరికి చీకటి పడింది. నన్ను ఒంటరిగా పంపలేదు. ఘాట్ మీద పరీక్ష చేయాలని నన్ను ముందు నడపమని, ఏస్‌లో నా వెనకే, లారీలు మీదికి రాకుండా లైట్లు వేసుకుని పైదాకా వచ్చాడు. బండి నెమ్మదైన శబ్దంతో ఎక్కింది. మళ్లీ కిందికి వచ్చి విప్పితే గీతలు దాదాపు అంచుదాకా చెరిగి ఉన్నాయి. అది చూసి ఆయన నవ్విన నవ్వు నేను మరిచిపోలేను. కూలి ఎంత అని అడిగితే, "వచ్చేటప్పుడు మనవరాలికి కోవా తీసుకురా" అన్నాడు. సామీ, నీ కడుపు చల్లగుండాలి.

మా అమ్మ, తమ్ముడు, మా ఆయన రాత్రంతా మేలుకునే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

రాయడం మరిచాను, వీళ్లకు కూడా నా దండాలు. స్కూటర్ ఎత్తడానికి చేయి పట్టిన లారీ క్లీనర్ తమ్ముడికీ, ఆ లారీ డ్రైవరన్నకూ. నాకు అన్నం పెట్టి, పడుకోమని మంచం వేసిన ఆ ఇంటి అమ్మకు. ఆర్డర్ ఆలస్యమైనా ఒక్క మాట అనని పెళ్లివాళ్లకు. ఇంకా ఏడు రోడ్ల దగ్గర స్పేర్ పార్ట్స్ అబ్బాయికి, షట్టర్ సగం దించినవాడు మళ్లీ ఎత్తి రోలర్లు, స్లైడ్ ముక్కలు ఇచ్చి పంపాడు. తమ్ముడూ, స్లైడ్ ముక్కల డబ్బులు ఇంకా బాకీ ఉన్నా, సోమవారం కొట్టు తెరవగానే వచ్చి ఇస్తా.