శుభమస్తులో త వత్తు దారి తప్పింది

మా గాంధీ రోడ్డు షాపులో పెళ్లి పత్రిక వీడియోలు చేయించుకున్నవారికి,

గత నెల వీడియోల్లో అక్షరాలు వణికాయి. "వాటికి చలిజ్వరమా నాయనా?" అని తిరుచానూరు పెద్దాయన ఒకరు ఫోను చేసి అడిగిన మాట ఇంకా గుచ్చుకుంటోంది. తప్పు నాదే. అవన్నీ మళ్లీ చేసి ఇస్తాను, డబ్బు తీసుకోను.

మూఢం ముగిసి ముహూర్తాలన్నీ ఒక్కసారే మీద పడితే, ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర టెంప్లేట్ కొన్నాను. అక్షరాలు ఊగడానికి అతను వాడింది ఉత్త ర్యాండమ్, అంటే ఇష్టమొచ్చినట్టు పడే అంకెలు. సెకనుకు 25 ఫ్రేములు, అంటే విడి బొమ్మలుంటే, అక్షరం ఎక్కడుండాలో చెప్పడానికి ప్రతి ఫ్రేముకూ ముందుదానితో పొత్తులేని అంకె. ఇక్కడున్న అక్షరం మరుక్షణం అక్కడ. ర్యాండమ్ బదులు వాడాల్సింది నాయిస్ అనే పద్ధతి. దానిలోనూ కదలిక ఎటో ముందే చెప్పలేం, కానీ ప్రతి అంకె పక్కదానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి గాలికి మామిడి తోరణం ఊగినట్టుంటుంది. కెన్ పెర్లిన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1983లో రూపొందించిన విద్య ఇది, 1997లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా ఇచ్చింది. టెంప్లేట్లు అమ్ముకునేవాడికి ఈ మాత్రం తెలియదా?

అతని ర్యాండమ్ తీసేసి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో విగిల్ అనే నాయిస్ ఊపు పెట్టాను: సెకనుకు రెండు ఊపులు, ఆరు పిక్సెళ్లు. కదలిక కుదిరింది, కానీ "శుభమస్తు"లో స ఒక దారి, త వత్తు ఒక దారి. నేను వాడే పాత ఫాంటులో వత్తు విడిగా టైపవుతుంది, దాని ఊపు దానిదే. అమ్మినతనికి రాస్తే, ఇంగ్లీషులో బాగానే ఉంది కదా అన్నాడు. ఇంగ్లీషుకు వత్తులెక్కడివి?

రెండు రాత్రులు నిద్రలేదు. మాట మొత్తాన్ని ఒకటిగా ఊపితే పది నిమిషాల పని, మా అబ్బాయి అదే చేయమన్నాడు. చేసి చూశాను. మేకు ఊడిన బోర్డులా ఉంది. చివరికి గుణింతం, వత్తులతో సహా ఒక్కో అక్షరాన్ని ఒక్కో లేయరుగా, అంటే పొరగా విడదీసి, దేని సీడ్ (ఊపు ఎలా ఉండాలో తేల్చే మొదటి అంకె) దానికి ఇస్తున్నాను. అన్నిటికీ ఒకే కదలిక అయితే కవాతు చేస్తున్నట్టుంటాయి.

ఇకపై మూడు రోజులు కాదు, ఐదు రోజులు పడుతుంది. ధర పాతదే. తొందరున్నవారికి మాట మొత్తం ఊపి ఇస్తాను, కానీ దాని కింద మా షాపు పేరు వేయను.

వధూవరుల పేర్లు ఇంట్లో ఇద్దరు ముగ్గురు చూశాకే పంపండి. విడదీశాక ఒక్క దీర్ఘం మారినా ఆ పేరు మళ్లీ మొదటి నుంచి కట్టాలి.