ఇరవై ఐదేళ్ల హామీకి తొలిరోజు కొలత ఏదీ?

సంపాదకుల వారికి,

అయ్యా,

పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ప్రకటించినప్పటి నుంచి, మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోదలచిన వారు తరచూ నన్ను సలహా అడుగుతున్నారు. ఏ కంపెనీవి మంచివని అందరూ అడుగుతారు. బిగించిన రోజున ఏమేమి కొలిపించుకోవాలని ఒక్కరూ అడగరు. భౌతికశాస్త్రం బోధించినవాణ్ణయి ఉండీ 2021 ఫిబ్రవరిలో మా ఇంటికి పెట్టించుకున్నప్పుడు నేనూ అడగలేదు.

మా మిద్దె మీద 330 వాట్ల ప్యానెళ్లు పది ఉన్నాయి. తొలి ఏడాది మార్చి నెలలో 395 యూనిట్లు వచ్చాయి. 2025 మార్చిలో 350 దగ్గరే ఆగిపోయాయి. అమ్మిన సంస్థవారు మొదట దుమ్మన్నారు, కడిగించాక ఎండవేడి అన్నారు. ఈ రెండు మాటలూ పూర్తిగా అబద్ధాలు కాకపోవడంతోనే చిక్కు వస్తోంది. ప్యానెల్ వెనుక ముద్రించిన 330 వాట్లు, చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ పడుతూ సెల్ (ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే పలక) ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మన వేసవి మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున 16 శాతం అక్కడే తగ్గిపోతుంది. అది లోపం కాదు, చల్లబడితే తిరిగి వచ్చేదే. అయితే మార్చిని మార్చితో పోల్చినప్పుడు వేడి రెండు వైపులా ఉన్నదే కదా! దుమ్ము సంగతికి వస్తే, మన బోర్ల ఉప్పునీటితో కడిగితే గాజు మీద తెల్లని పొర కట్టి అసలుకే మోసం వస్తుంది కనుక, నేను పట్టి ఉంచిన వాననీటితోనే, అదీ తెల్లవారుజామున కడిగిస్తున్నాను.

చివరకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒక్కొక్క ప్యానెల్‌ను విడదీసి వోల్టేజీ కొలిస్తే, రెండింటిలో మూడో వంతు తక్కువగా తేలింది. నీడ పడిన సెల్ వరుసలను తప్పించి కరెంటును పంపడానికి ప్యానెల్ వెనుక పెట్టెలో ఉండే మూడు బైపాస్ డయోడ్లలో ఒకటి షార్టయితే దాని పరిధిలోని సెల్ వరుసలన్నీ పనికి రాకుండా పోతాయి. మొత్తం మీద దాదాపు ఏడు శాతం నష్టానికి లెక్క దొరికింది. మిగిలినది వయసుతో వచ్చే సహజమైన తరుగుదలా, మరో లోపమా అని తేల్చడానికి మాత్రం నా దగ్గర తొలిరోజు కొలత లేదు.

ఇరవై ఐదేళ్ల తరువాత కూడా 80 శాతం ఉత్పత్తి ఉంటుందన్న హామీ కాగితం మాత్రం భద్రంగా ఉంది. దాన్ని వాడుకోవాలంటే ప్యానెల్‌ను దింపి ప్రయోగశాలలో నిర్ణీత పరిస్థితుల్లో పరీక్షించి తగ్గుదలను రుజువు చేయాలి. దింపడం, పంపడం వంటి ఖర్చులు తరచుగా కొన్నవారి మీదే పడతాయి. అమ్మేవారు చూపే ఐఈసీ 61215 (ప్యానెళ్ల నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణం) ధ్రువపత్రం అవసరమైనదే. మైనస్ 40 నుంచి 85 డిగ్రీల వరకు 200 సార్లు వేడిచేసి చల్లార్చడం, 85 డిగ్రీల వేడిలో 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచడం అందులోని పరీక్షలే. కానీ అవి నమూనాలకు జరిగినవి. పుట్టుకతో వచ్చే లోపాలను పట్టిస్తాయే తప్ప ఆయుష్షును నిర్ణయించవు. ఐఐటీ బాంబే, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013 నుంచి దేశమంతటా విడతలవారీగా జరిపిన సర్వేలలో, వేడి ప్రాంతాలలోను, పైకప్పుల మీది చిన్న ఏర్పాట్లలోను తరుగుదల ఎక్కువగా కనిపించింది. మనకు ఆ రెండూ వర్తిస్తాయి. కర్నూలు వైపు గని–శకునాల పార్కు వంటి 1,000 మెగావాట్ల ప్రాజెక్టులను కనిపెట్టి ఉండటానికి ఇంజినీర్లు ఉంటారు, మిద్దె మీది పది ప్యానెళ్లకు ఇంటి యజమాని తప్ప ఎవరూ ఉండరు.

అందుచేత, నెట్ మీటరు (మనం వాడుకున్న, గ్రిడ్‌కు పంపిన కరెంటు రెండింటినీ లెక్కించేది) బిగించే రోజునే ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు, ఫ్యాక్టరీ ఫ్లాష్ టెస్ట్ (నిర్ణీత వెలుగులో ప్యానెల్ ఇచ్చే వాట్ల కొలత) ఫలితం, అక్కడికక్కడే కొలిచిన వోల్టేజీ, ఆ సమయంలో ప్యానెల్ వేడి ఒకే కాగితం మీద రాసి, అమ్మినవారు, కొన్నవారు సంతకాలు చేయడాన్ని విద్యుత్ పంపిణీ సంస్థలు తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ఒక మల్టీమీటరు, వేడిని దూరం నుంచి కొలిచే చిన్న పరికరం ఉంటే అరపూటలో అయ్యే పని ఇది. అలాగే అనంతపురం జేఎన్‌టీయూలో తక్కువ రుసుముకు పాత ప్యానెళ్లను పరీక్షించే ఏర్పాటు జరిగితే చుట్టుపక్కల జిల్లాలవారికి గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ దాకా చూడాల్సిన అవసరం ఉండదు. డయోడ్లు మార్చడానికి మా ఎలక్ట్రీషియన్ సిద్ధంగానే ఉన్నాడు. పెట్టె తెరిస్తే హామీ చెల్లదని అమ్మినవారు చెప్పడంతో ఆ రెండు ప్యానెళ్లూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం